మూడు లెక్కపెట్టేలోగా

మార్చి 4, మంగళవారం

పాత పుస్తకం నిండిపోయింది. ఇది పదిహేడోది. మొదటి పేజీలో నియమాలు రాసుకోవడం నా అలవాటు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అవే నియమాలు, అయినా రాస్తాను.

రంగు చూసేముందు బూడిదరంగు కోటు వేసుకోవాలి. ఎండలోంచి వచ్చిన కంటితో చూడకూడదు. కోపంగా ఉన్నప్పుడు చూడకూడదు. కొనేవాళ్ళు పంపిన నమూనా, మన తొట్టిలో అద్దిన బట్ట, రెంటినీ అంచుకి అంచు ఆనించి లైట్ పెట్టెలో పెట్టి, మూడు లెక్కపెట్టేలోగా తేల్చెయ్యాలి. నాలుగో లెక్క నుంచి కన్ను సర్దుకుపోతుంది, తేడాని మింగేస్తుంది. కన్ను మంచిదే గానీ మహా మొహమాటస్థురాలు.

ఓకే చేసిన ప్రతి లాట్‌కీ రెండు తునకలు కత్తిరిస్తాను. ఒకటి మిల్లు రిజిస్టరుకి. దాన్ని నా కింద పనిచేసే అమ్మాయి అంటిస్తుంది. రెండోది ఈ పుస్తకానికి, ఆ రోజు పేజీలో, గుండుసూదితో. ఇంటికి తెచ్చుకొమ్మని నన్నెవరూ అడగలేదు. అది నా పిచ్చి. మా ఆయన దీన్ని గుడ్డపీలికల పురాణం అంటాడు. అననీ. ఈ పుస్తకం ఎవరికీ చూపించేది కాదు, ఆయనకి కూడా.

ఈ రోజు లాట్ 212. లేత బూడిద. నమూనాకి అచ్చు గుద్దినట్టుంది.

లైట్ పెట్టెలో బల్బులు పాతబడ్డాయి. తెల్లబట్ట కూడా నిన్నటి పాలలా కనిపిస్తోంది. మేనేజరుకి చెప్తే, "డిసెంబరులోనే మార్చాం కదమ్మా" అన్నాడు. అయితే డిసెంబరులో ఎవరో మోసపోయారన్నమాట.

మార్చి 6, గురువారం

బల్బులు మార్చారు. ఏమీ మారలేదు. ఈ కాలం బల్బుల్లో సరుకు లేదు.

మార్చి 13, గురువారం

లాట్ 219. తెలుపు. మామూలు తెలుపు కాదు, మెరుపు తెలుపు, వైద్యుల కోట్ల కోసం.

ఓకే అని సంతకం పెట్టబోతుంటే చిన్నకన్ను పక్కనుంచి తొంగి చూసింది. మిల్లులో నన్ను పెద్దకన్ను అంటారు కాబట్టి ఆ అమ్మాయి చిన్నకన్ను అయింది. అమ్మాయి అంటున్నాను గానీ ముప్ఫై నాలుగేళ్ళ మనిషి.

"అక్కా, ఇది కాస్త పసుపు కొట్టడం లేదూ?"

"ఎక్కడ?"

"ఇదిగో, ఈ అంచు దగ్గర."

"నువ్వు ఎండలోంచి వచ్చుంటావు."

"లేదక్కా, పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నా."

"పొద్దున్నుంచీ దాన్నే చూస్తూ కూర్చుంటే పసుపే కాదు, పగటిచుక్కలు కూడా కనిపిస్తాయి."

"సరేలే అక్కా" అంది.

ఆ 'సరేలే' నాకు నచ్చలేదు. ఆరేళ్ళ క్రితం వచ్చినప్పుడు ఈమెకి మీగడ రంగుకీ దంతపు రంగుకీ తేడా తెలీదు. కన్ను ఎలా విప్పాలో, ఎప్పుడు మూయాలో నేను నేర్పాను. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టుంది.

ఇంటికొచ్చి ఇదంతా మా ఆయనకి చెప్తే, "ఎవరి పెళ్ళి?" అన్నాడు. బాయిలర్ల దగ్గర ముప్ఫై ఏళ్ళు పనిచేసి చెవులు రెండూ అక్కడే వదిలేసి వచ్చిన మనిషి. చెవికి మిషను పెట్టించుకోండి మొర్రో అంటే వినడు. తన చెవులు దివ్యంగా ఉన్నాయట, నా గొంతే సన్నబడిందట. గురివింద గింజ తన కింద నలుపెరగదని ఊరికే అన్నారా!

మార్చి 19, బుధవారం

లాట్ 224. ముదురు నీలం. ఓకే.

నిన్న ఓకే చేసిన 223 ఇంకా తొట్టి దగ్గరే ఉంది. ఎందుకని అడిగితే, "ఉతుకు సరిగ్గా కాలేదక్కా, ఇంకోసారి తిప్పుతున్నా" అంది చిన్నకన్ను. ఈ మధ్య ప్రతి లాట్‌కీ ఉతుకే కావడం లేదు. నీళ్ళలో ఏదో ఉంది.

మార్చి 27, గురువారం

లాట్ 231. బడిపిల్లల చొక్కాలకి లేత నీలం. పెద్ద ఆర్డరు. సగం బట్ట పోయిన నెలలోనే వెళ్ళింది, ఇది మిగతా సగం. వేసవి సెలవుల ముందు ఫోటోలకి కొత్త చొక్కాలు వేయిస్తారట.

చిన్నకన్ను రెండు రోజులు సెలవు. వాళ్ళమ్మని ఆసుపత్రిలో చూపించాలంది. ఒక్కదాన్నే చూశాను, ఓకే చేశాను, మధ్యాహ్నానికల్లా లారీ ఎక్కింది. పక్కన ఉతుకులూ నసుగుడూ లేకపోతే పని ఎంత చకచకా అవుతుందో!

ఏప్రిల్ 3, గురువారం

సాయంత్రం వీధి దీపాల చుట్టూ వలయాలు. మంచు కాబోలు. ఏప్రిల్‌లో మంచు.

ఏప్రిల్ 8, మంగళవారం

మా ఆయన పాత స్నేహితుడి ఇంటికి వెళ్ళి పగలబడి నవ్వుకుంటూ వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పితే ఒక మేజోడు నలుపు, ఒకటి ముదురు నీలం అట. పొద్దున్న జత చేసి ఇచ్చింది నేనే.

"పెద్దకన్ను పెనిమిటికి చెరో కాలికో రంగా అని వాడు ఒకటే నవ్వు" అన్నాడు.

మేజోళ్ళు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. రెండూ నలుపే. చెవులు పోయినవాడికి తోడు వాడెవడో కళ్ళు పోయినవాడు దొరికాడు. అదే అన్నాను.

ఆయన నవ్వడం ఆపి నా మొహంలోకి చూశాడు. కాసేపు చూశాడు. తర్వాత, "అంతే అయ్యుంటుంది" అన్నాడు. ఆ మాట ఎందుకంత మెల్లగా అన్నాడో తెలియదు. సాధారణంగా ఆయన ఏది చెప్పినా వీధంతా వింటుంది.

ఈ డైరీకి కొన్న పెన్ను కూడా నాసిరకం. సిరా పలచగా దిగుతోంది.

ఏప్రిల్ 22, మంగళవారం

231 తిరిగొచ్చింది.

మేనేజరు నా బల్ల మీద రెండు చొక్కాలు పరిచాడు. ఒకటి మొదటి సగంలోది, ఒకటి రెండో సగంలోది. బడివాళ్ళు ఫోటో కోసం పిల్లల్ని వరసలో నిలబెడితే ఎవరికెప్పుడు చొక్కా కుట్టించారో దూరం నుంచే తెలిసిపోయిందట. "సగం మంది ఆకాశంలా ఉన్నారమ్మా, సగం మంది పాచిపట్టిన గోడలా ఉన్నారు" అన్నాడు.

చూశాను. మూడు లెక్క దాటి కూడా చూశాను, ఇక్కడ రాసుకోవడానికి నాకేం సిగ్గు? రెండూ ఒకటే. గట్టిగా అడిగితే కుడివైపుది ఒక పిసరు నలిగినట్టుంది, అంతే.

కానీ మేనేజరుకి కనిపిస్తోంది. స్టోరు మేస్త్రీకి కనిపిస్తోంది. టీ తెచ్చినావిడ కూడా "ఇదేంటి, ఇదొక రకం అదొక రకం" అనేసి పోయింది.

నేను ఓకే చేసినప్పుడు సరిగ్గానే ఉండి ఉండాలి. ఆ తర్వాత ఏదో జరిగింది. లేదా ముందే, రంగు పొడి తూచేటప్పుడు. తూచేది చిన్నకన్ను. సెలవు పెట్టేముందు రోజు హడావిడిలో తూచి ఉంటుంది. మేనేజరుకి అదే చెప్పాను.

ఏప్రిల్ 24, గురువారం

స్టోరు మేస్త్రీ లెక్క చూస్తే నీలం పొడీ, మెరుపు తెలుపు మందూ చీటీల్లో ఉన్నదానికంటే బాగా తక్కువున్నాయి. నెలలుగా చీటీ లేకుండా తీసుకెళ్ళింది చిన్నకన్నేనట. మేనేజరు తన గదిలోకి మా ఇద్దర్నీ పిలిచాడు.

"తీసుకున్నావా?"

"తీసుకున్నానండి."

"దేనికి?"

మేనేజరు చీటీల కట్ట ఆమె ముందుకి తోశాడు.

"బయట అమ్ముకున్నావా?"

"లేదండి. తొట్టిలోనే వేశా."

మేనేజరు నా వైపు తిరిగాడు. "మీరు ఓకే చేసిన లాట్‌కి మళ్ళీ రంగు వెయ్యాల్సిన అవసరం పడుతుందా అమ్మా?"

"పడదు" అన్నాను. అది నిజం. ముప్ఫై ఒక్క ఏళ్ళలో పడలేదు.

ఆమె ముఖంలోకి సూటిగా చూశాను. తప్పు చేసిన ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అక్కడ స్పష్టంగా కనిపించింది. కళ్ళు దించేసుకుంది. నా వైపు చూడలేకపోయింది.

రేపట్నుంచి రావద్దన్నారు. కోటు మడతపెట్టి కుర్చీ మీద పెట్టి వెళ్ళింది.

ఈ మనిషికి కన్ను లేదు. ఎప్పుడూ లేదు. ఉందని నేను భ్రమపడ్డాను. పామని తెలియక పాలు పోశాను.

ఏప్రిల్ 25, శుక్రవారం

గది ప్రశాంతంగా ఉంది.

ఏప్రిల్ 28, సోమవారం

గది ప్రశాంతంగా ఉంది. చాలా ప్రశాంతంగా ఉంది.

మే 6, మంగళవారం

244 తిరిగొచ్చింది. 247 కూడా తిరిగొచ్చింది. నీళ్ళే.

మేనేజరు ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మే 9, శుక్రవారం

మా ఆయనతో పెద్ద గొడవ. తలుపు కొట్టి కొట్టి నా చెయ్యి పడిపోయింది, లోపల కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. చెవులు చూపించుకుంటారా చూపించుకోరా అని గట్టిగా పట్టుబట్టాను.

"చూపించుకుంటా" అన్నాడు. "నువ్వు కళ్ళు చూపించుకుంటే."

"నా కళ్ళకేం?"

"ఏమీ లేకపోతే మరీ మంచిది. ఊరికే చూస్తారు, బాగున్నాయంటారు, నేను ఓడిపోతా. నీకేం పోయింది?"

నిజమే, నాకేం పోయింది? సోమవారం వెళ్తున్నాం. పాపం పిచ్చిమారాజు, తన బేరానికి తానే దొరికాడు.

మే 12, సోమవారం

శుక్లాలు. రెండు కళ్ళకీ. బాగా ముదిరాయట.

"నాకు బాగానే కనిపిస్తోందండీ" అన్నాను.

డాక్టరు నా కంటే బాగా చిన్నది, మా మేనకోడలి ఈడు ఉంటుంది. ఓపిగ్గానే చెప్పింది. "కంట్లో గాజులాంటి బిళ్ళ ఉంటుందమ్మా. అది పసుపెక్కిపోయింది. ఒక్కరోజులో ఎక్కితే మీరు కెవ్వుమనేవాళ్ళు. రోజుకింత, రోజుకింత ఎక్కింది కాబట్టి మీ మెదడు ఏ రోజుకారోజు సర్దుకుపోయింది. ఇదే తెలుపు అంటే, అవును ఇదే తెలుపు అని మీరూ నమ్మేశారు. నీలం దాదాపు పోయే ఉంటుంది, పోయినట్టు తెలీదు."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏడాది దాటే ఉంటుంది. మీరేం పని చేస్తారు?"

"బట్టల మిల్లులో" అన్నాను. అంతే అన్నాను.

ఆయనకి చెవుల మిషను రాశారు. 

మే 13, మంగళవారం

ఆ డాక్టరు పిల్లకి రంగుల గురించి ఏం తెలుసు.

మే 15, గురువారం

కాసేపు తలగడలో మొహం పెట్టుకుని ఏడ్చాను. రేపు సెలవు చీటీ ఇస్తాను. ఆపరేషన్ ఇరవై ఎనిమిదిన, ముందు కుడికన్ను. ఎడమది జూలైలో.

మే 29, గురువారం

కట్టు విప్పారు.

నీలం.

ఆసుపత్రి గోడ మీద నీలం గీత. నర్సు బొత్తాలు నీలం. కిటికీలో ఆకాశం, బాబోయ్, దానికి సిగ్గూ శరం లేదు. ఇంటికొచ్చి స్నానాలగదిలో ప్లాస్టిక్ బక్కెట్ ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అది బూడిదరంగు బక్కెట్ అనుకున్నాను. నేనే కొన్నాను దాన్ని.

ఎడమకన్ను మూస్తే తెల్లటి గోడ. కుడికన్ను మూస్తే టీ ఒలికిన గోడ. ఒకటే గోడ. నిలబడి ఆ కన్నూ ఈ కన్నూ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయాను.

మా ఆయన కొత్త మిషను పెట్టుకుని కూర్చున్నాడు. ఏమండీ అన్నాను, మామూలుగా. ఉలిక్కిపడ్డాడు. "నీ గొంతు సన్నబడలేదే! అలాగే ఉంది. తప్పు నాదేనోయ్" అన్నాడు, నవ్వుతూ. తప్పు నాది అని ఎంత తేలిగ్గా అనేశాడు! ఆయన మొహంలో ఎన్ని ముడతలున్నాయో అప్పుడే చూశాను. అద్దంలోనూ చూసుకున్నాను, కానీ దాని గురించి రాయను.

మేజోళ్ళు చూశాను. ఒకటి నలుపు. ఒకటి నీలం.

మే 31, శనివారం

ఈ పుస్తకం విప్పాలంటే రెండు రోజులు భయమేసింది. ఈ రోజు విప్పాను.

219. తెలుపు అని రాసి ఉంది. తునక వెన్నరంగులో ఉంది.

224. ముదురు నీలం అని రాసి ఉంది. తునక నలుపు.

212. లేత బూడిద అని రాశాను. అది లేత ఊదా. బూడిద కానే కాదు.

పాత పుస్తకం కూడా తీశాను. సెప్టెంబరు దాకా వెనక్కి వెళ్ళాను. అక్కడ ఆపేశాను.

కుడికన్ను మూసుకుని ఎడమకంటితో చూస్తే ప్రతి పేజీలో రాసిందీ తునకా చక్కగా కలిసిపోతున్నాయి. ఒక్క అబద్ధం కూడా లేదు.

నాకు అర్థం కానిది ఒకటుంది. ఇవన్నీ ఇంత తప్పయితే సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఒక్క లాట్ కూడా ఎందుకు తిరిగి రాలేదు?

జూన్ 2, సోమవారం

పనిలోకి ఇంకా వెళ్ళకూడదు. అయినా మిల్లుకి వెళ్ళాను. చూడ్డానికి వచ్చానని చెప్పి రిజిస్టరు తీసుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. సంచిలో పుస్తకాలు తెచ్చుకున్నాను.

219. నా దగ్గర వెన్న. రిజిస్టరులో మెరుపు తెలుపు.

224. నా దగ్గర నలుపు. రిజిస్టరులో ముదురు నీలం.

223, 218, 212, 206, వెనక్కి వెనక్కి. ఒకే లాట్, ఒకే రోజు, నా సంతకం, రెండు రంగులు. నేను ఇంటికెళ్ళాక ఆ అమ్మాయి బట్టని మళ్ళీ తొట్టిలో వేసింది. ఎక్కువైన రంగు దింపింది, తక్కువైన రంగు కలిపింది. సరైన తునక కత్తిరించి నా సంతకం పక్కన అంటించింది. చీటీ రాయాలంటే కారణం రాయాలి. కారణం నేను. అందుకని చీటీ రాయలేదు.

231 ఒక్కటే రెండుచోట్లా ఒకేలా ఉంది. పాచిపట్టిన గోడలా. ఆ రోజు ఆమె సెలవు, రిజిస్టరులో తునక నేనే అంటించాను.

కుర్చీ మీద ఆ కోటు ఇంకా అలాగే మడతపెట్టి ఉంది.

జూన్ 4, బుధవారం

మేనేజరుకి చెప్పాలి. చెప్తాను. ఎలా చెప్పాలన్నదే.

రిజిస్టరు ఒక్కటే చూపిస్తే ఏమీ తెలియదు, అందులో అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఈ పుస్తకం పక్కన పెడితేనే తెలుస్తుంది. ఇది చూపిస్తే ఇందులో రాసినవన్నీ చదువుతారు. కన్ను లేదని రాశాను. పాము అని రాశాను.

పొద్దున్న తునకలన్నీ ఊడదీసి ఒక తెల్లకాగితం మీద వరసగా గుచ్చుదామని కూర్చున్నాను. లాట్ నంబర్లు వేసి, శుభ్రంగా, ఆఫీసు పద్ధతిలో. నాలుగు ఊడదీశాను. అప్పుడు తట్టింది. విడి కాగితం మీద గుచ్చినవి ఎవరు నమ్ముతారు, నిన్న కత్తిరించి తెచ్చావంటే ఏం చెప్తాను? ఈ పేజీల మీద, ఈ తేదీల కింద, ఈ రాతల పక్కన ఉంటేనే సాక్ష్యం.

పైగా కాగితం శుభ్రంగా ఉండాలన్న ఆశ ఎవరి కోసమో నాకు తెలుసు.

నాలుగూ మళ్ళీ అవే రంధ్రాల్లో గుచ్చాను.

జూన్ 5, గురువారం

మేనేజరు గది. రిజిస్టరు ఒక పక్క, ఈ పుస్తకం ఒక పక్క. చదవడానికి మొహమాటపడ్డాడు. చదవండి అన్నాను. చదివాడు. రెండు మూడు చోట్ల గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు బాగానే కనిపిస్తోంది కదమ్మా. ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. మంచి పేరుంది. ఈ పాతవన్నీ ఎందుకు తవ్వడం?"

"పేరు నాది కాదండీ. ఎనిమిది నెలలుగా ఆ పేరుని మోసింది ఆ అమ్మాయి. మీరు అమ్ముకున్నావా అని అడిగారు. నేను పడదు అన్నాను."

"మీకేం తెలుసు పాపం! మీకు కనిపించలేదు."

"219 రోజున నా పక్కన నిలబడి చెప్పింది. కనిపించకపోవడం వేరు, చెప్తే వినకపోవడం వేరు."

కాసేపు బల్ల మీద పెన్ను దొర్లించాడు. తర్వాత ఉత్తరం టైపు చేయించాడు. మళ్ళీ పనిలోకి, రంగులు ఓకే చేసే కుర్చీలోకే. ఆ మాట నేనే అడిగి వేయించాను. ఎడమకన్ను ఆపరేషన్ అయ్యేదాకా, అయ్యాక కూడా, నేను పక్క కుర్చీలో కూర్చుంటాను.

ఉత్తరం పోస్టులో వద్దు, నేనే ఇస్తానన్నాను. ఈ పుస్తకం కూడా ఇచ్చి వస్తాను.

జూన్ 6, శుక్రవారం

ఇది విడి కాగితం. పుస్తకం ఆమె దగ్గరుంది.

బస్‌స్టాండు వెనక సందులో రెండో అంతస్తు. తలుపు తీసింది వాళ్ళమ్మ. నన్ను కింద నుంచి పైదాకా చూసి, "మీరేనా పెద్దకన్ను?" అంది. ఔనని తలూపాను. ఆవిడ తలుపు పూర్తిగా తీసి పక్కకి జరిగింది.

లోపల చిన్నకన్ను ఇస్త్రీ చేస్తోంది. ఎవరివో బట్టలు, గది నిండా. నన్ను చూసి ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. ఇంకా ఎరుపు తగ్గని నా కుడికంటి వైపు చూసింది.

"చేయించుకున్నారా?"

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"పోయిన సెప్టెంబరు నుంచక్కా. మీరు తెల్లదారంతో మీగడ బట్ట అంచు కుట్టి, కలిసిపోయిందన్నారు. రెండుసార్లు చెప్పబోయా. మీరు కసిరారు."

"మూడోసారి చెప్పాల్సింది."

"ముప్ఫై ఏళ్ళ కన్ను అది. నాకేం తెలుసులే అని మొదట్లో నా కన్నే తప్పనుకున్నా. ఇంటికొచ్చి అమ్మని అడిగేదాన్ని, ఇది పసుపా తెలుపా అని."

 బట్టల మూట పక్కన కూర్చుండిపోయాను. క్షమించమన్నాను. పెద్దదాన్నని కూడా చూసుకోలేదు, రెండు చేతులూ పట్టుకున్నాను. ఇస్త్రీ వేడికి ఆ చేతులు కాలుతున్నాయి.

ఉత్తరం ఇచ్చాను. పుస్తకం ఇచ్చాను.

"ఇది చదవాలా అక్కా?"

"చదవాలి. నీ గురించి రాసినవే. బాగుండవు."

జూన్ 12, గురువారం

పుస్తకం తిరిగొచ్చింది. మిల్లు లారీ డ్రైవరు చేత పంపింది.

తను పనిలో ఉన్న ప్రతి రోజు పేజీలోనూ నా తునక పక్కన ఇంకో తునక గుచ్చి ఉంది. వెన్న పక్కన తెలుపు. నలుపు పక్కన నీలం. తను కూడా ఇంటికి తీసుకెళ్ళి దాచుకుందన్నమాట. నా పిచ్చి ఆమెకీ అంటింది. పేజీ తర్వాత పేజీ, ఒక్క మాట కూడా రాయలేదు. పాము అన్నచోట కూడా రాయలేదు.

ఒక్కచోట రాసింది. ఏప్రిల్ 24. నేను "ఆమె ముఖంలోకి సూటిగా చూశాను" అని రాసిన వాక్యం కింద, చిన్న అక్షరాలతో.

"లేదక్కా. ఆ రోజు మీరు కిటికీ వైపు తిరిగి ఉన్నారు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. నేను మీ వంకే చూస్తూ నిలబడ్డా. చూసుంటే చెప్పేసేదాన్ని."

జూన్ 13, శుక్రవారం

నాకు బాగా గుర్తుంది. ఆ గది, ఆ బల్ల, దించుకున్న ఆ కళ్ళు. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా ఆ ముఖం కనిపిస్తుంది. తప్పు చేసిన ముఖం.

మేనేజరుకి ఫోన్ చేసి అడిగాను. ఎందుకమ్మా అన్నాడు. చెప్పండి అన్నాను. ఆలోచించి చెప్పాడు. "మీరు కిటికీ దగ్గర నిలబడ్డారు. బయట లారీ వెనక్కి తీస్తున్నారు, అది చూస్తున్నారు. తలొంచుకోవడమేం లేదు. ఆ అమ్మాయి మీ వైపే చూస్తోంది. నాకు అది గుర్తుంది, ఎందుకంటే నేనే చూడలేకపోయాను."

లారీ. ఔను, లారీ ఉంది.

మరి ఆ ముఖం ఎక్కడిది? ఇంటికొచ్చి డైరీ రాస్తూ తయారుచేసుకుని ఉంటాను. ఎంత బాగా చేశానంటే ఇప్పటికీ చెరగడం లేదు. దీనికి శుక్లం సాకు లేదు. ఏ డాక్టరూ దీన్ని కోసి తీయలేదు. నేను చూడలేదు, చూశానని రాసుకున్నాను, రాసిందే చదువుకున్నాను. మిగతా తప్పులన్నీ కంటివి. ఇది మాత్రం నాది. చాలా సిగ్గుగా ఉంది.

జూన్ 16, సోమవారం

తొమ్మిదికి వెళ్ళాను. ఆమె అప్పటికే వచ్చేసింది. కుర్చీ మీది మడత విప్పి కోటు వేసుకుంది. పెద్ద కుర్చీలో కూర్చోవడానికి జంకుతుంటే భుజాలు పట్టి కూర్చోబెట్టాను.

"నన్నిప్పుడు ఏమని పిలుస్తారో" అంది.

"నన్ను ఒంటికన్ను అంటారులే. నీ సంగతి నువ్వు చూసుకో."

నవ్వింది. లాట్ 258 పెట్టెలో పెట్టింది. లేత నీలం, ఆ బడివాళ్ళకే, మళ్ళీ కొత్తగా. మూడు లెక్కపెట్టేలోగా ఓకే అంది. నా కంటికీ ఓకే, కుడికంటికి. ఎడమకంటితో కూడా చూశాను. అదీ ఓకే అంది. దాని మాటకేం!

తను సంతకం పెడుతుంటే నేను ఆమె ముఖం వైపు తిరిగాను. కిటికీ బయట ఏదో లారీ ఎక్కిస్తున్నారు, కేకలు వినిపిస్తున్నాయి. అటు చూడలేదు. ఒకటి, రెండు, మూడు. నాలుగు. ఐదు. లెక్క వదిలేశాను.

"ఏంటక్కా, అలా చూస్తున్నారు?"

"నీ ఎడమ కనుబొమ్మ కింద మచ్చ ఉంది. ఎప్పుడు తగిలింది?"

ఆమె పెన్ను పట్టుకునే ఆ చోట వేలు పెట్టుకుంది.

"ఇదా? చిన్నప్పట్నుంచీ ఉందక్కా."